పొలం అమ్మి అన్నకి స్టెమ్ సెల్స్ ఎక్కించాలా? ఖమ్మం తమ్ముడికి జవాబు

ఖమ్మం వైపు నుంచి ఒక తమ్ముడు రాసిన ఉత్తరం ఇది, పేరూ ఊరూ తీసేసి కాస్త కుదించి పెడుతున్నా.

"డాక్టర్ గారూ, మా అన్నకి 41 ఏళ్ళు. ఫ్లూ జ్వరం ముదిరి నిమోనియా అయ్యి హైదరాబాద్‌లో వెంటిలేటర్ మీద ఉన్నాడు, ఇవాళ్టికి ఎనిమిదో రోజు. స్వైన్ ఫ్లూ అని రిపోర్ట్ వచ్చింది, రెండు ఊపిరితిత్తులూ ఏఆర్‌డీఎస్‌లోకి వెళ్ళాయి అన్నారు. నిన్న ఒకాయన ఫోన్ చేశాడు, అన్న ఉన్న హాస్పిటల్ మనిషి కాదు, వేరే క్లినిక్ అంట, మా నంబర్ ఎలా దొరికిందో తెలీదు. బొడ్డుతాడు నుంచి తీసిన స్టెమ్ సెల్స్ మూడు డోసులు ఎక్కిస్తాం, తొమ్మిది లక్షలవుతుంది, ఊపిరితిత్తులు మళ్ళీ కొత్తగా తయారవుతాయి అంటున్నాడు. డల్లాస్‌లో ఉన్న మా బావ కూడా నెట్‌లో చూసి అమెరికాలో చేశారు, నూటికి తొంభై మంది బతికారు అని లింక్ పంపాడు. మాకున్నది ఎకరంన్నర, కొనేటాయన ఎల్లుండి బయానా ఇస్తానంటున్నాడు. వదిన ఒకటే మాట అంటోంది, రేపు పిల్లలు పెద్దయ్యి నాన్న కోసం అన్నీ చేశారా అని అడిగితే ఏం చెప్పాలి అని. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, నీకు టైం లేదు కాబట్టి ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత నెమ్మదిగా చదువుకో. ఈ పనికి మాత్రం పొలం అమ్మొద్దు. ఆ ఫోన్ చేసినాయనకి ఒక్క రూపాయి కూడా పంపొద్దు. నేను ఐసీయూలో పదిహేడేళ్ళ నుంచి పని చేస్తున్నా, ఈ సెల్ థెరపీ గురించి 2020 నుంచి వచ్చిన ప్రతి రిజల్టూ ఆశగా చదివినదాన్ని, ఇది పనిచేస్తే బాగుండు అని మనస్ఫూర్తిగా కోరుకున్నదాన్ని, కాబట్టి నేను దీన్ని కొట్టిపారేస్తున్నా అనుకోకు. అసలు సెల్ థెరపీ అనేది మోసం కాదు. మీకు ఫోన్‌లో అమ్ముతున్నది మాత్రం వేరే సంగతి. ఆ రెండిటికీ తేడా తెలిస్తే వదినకీ బావకీ నువ్వే చెప్పగలవు.

మీ అన్న లోపల ఏం జరుగుతోందో ముందు అర్థం చేసుకో. ఊపిరితిత్తుల నిండా కోట్ల కొద్దీ చిన్న చిన్న గాలి తిత్తులుంటాయి, వాటి గోడ ఎంత పల్చగా ఉంటుందంటే ఇటు గాలి అటు రక్తం, మధ్యలో పొర ఉందా లేదా అన్నట్టుంటుంది, ఆక్సిజన్ దాన్ని దాటే రక్తంలోకి పోవాలి. ఫ్లూ వైరస్ ఆ గోడని కాలుస్తుంది, దాన్ని చంపడానికి వచ్చిన మన ఒంట్లోని రక్షణ కణాలు కూడా కోపంలో ఇల్లూ వాకిలీ చూసుకోకుండా ఇంకాస్త కాలుస్తాయి, అప్పుడు రక్తంలోని నీరూ ప్రొటీనూ తిత్తుల్లోకి ఊరి నిండిపోతాయి. ఇదే ఏఆర్‌డీఎస్. 1967లో 12 మంది పేషెంట్లని చూసి డాక్టర్లు మొదటిసారి ఇలాంటి జబ్బు ఒకటుందని రాశారు, అప్పట్నుంచి ఇప్పటిదాకా ఆ కాలిన గోడని నేరుగా బాగుచేసే మందు అంటూ ఒక్కటీ రాలేదు. మేం వెంటిలేటర్ పెట్టి, ఇంకో డ్యామేజీ జరక్కుండా కాపలా కాస్తూ, ఆ గోడ తనంతట తాను మానేదాకా మనిషిని నిలబెడతాం. అంతే మేం చేసేది. అది వినడానికి చిన్నగా ఉంటుంది గానీ దాంతోనే చాలామంది ఇళ్ళకి నడిచి వెళ్ళారు.

ఇలా మందు లేని చోట ఆశ పుట్టడం సహజం, ఆ ఆశకి సైన్స్ కూడా ఉంది. ఎముక మూలగలోంచి గానీ బొడ్డుతాడులోంచి గానీ తీసి ల్యాబ్‌లో పెంచే ఒక రకం కణాలున్నాయి, మీసెంకైమల్ సెల్స్ అంటారు. వాటిని సెలైన్‌లాగా చేతి నరం ద్వారా ఎక్కిస్తే చాలావరకు నేరుగా ఊపిరితిత్తుల్లోని సన్న రక్తనాళాల్లోకి పోయి ఇరుక్కుంటాయి, వేరే జబ్బులకైతే ఇదే తలనొప్పి, ఊపిరితిత్తుల జబ్బుకి మాత్రం వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టయింది. అక్కడ అవి కొన్ని పదార్థాలు విడుదల చేసి ఆ కోపంగా ఉన్న రక్షణ కణాల్ని శాంతపరుస్తాయి, నీరు ఊరడం తగ్గిస్తాయి, ఎలుకల్లో అయితే తమలోని మైటోకాండ్రియాని, అంటే కణానికి శక్తి తయారుచేసే భాగాల్ని, దెబ్బతిన్న ఊపిరితిత్తి కణాలకి అందించడం కూడా 2012లో చూశారు. జంతువుల్లో రిజల్ట్స్ నిజంగానే బాగా వచ్చాయి.

కానీ ఒక మాట బాగా గుర్తుపెట్టుకో తమ్ముడూ, ఈ కణాలు కొత్త ఊపిరితిత్తిగా మారవు. కొన్ని రోజుల్లో అవి చచ్చిపోయి ఒంట్లోంచి మాయమైపోతాయి. చెయ్యగలిగితే ఆ కొద్ది రోజుల్లో మంట చల్లార్చడమే వాటి పని. వీటికి 1991లో మీసెంకైమల్ స్టెమ్ సెల్స్ అని పేరు పెట్టిన ఆర్నాల్డ్ కాప్లాన్ అనే సైంటిస్టే 2017లో నేను పెట్టిన స్టెమ్ సెల్ అన్న పేరు జనాన్ని తప్పుదోవ పట్టిస్తోంది, మార్చండి అని రాశాడు, ఎందుకంటే స్టెమ్ సెల్ అనగానే అవయవం మళ్ళీ మొలుస్తుంది అని అనుకుంటారు కదా. మీకు ఫోన్ చేసినాయన ఊపిరితిత్తులు కొత్తగా తయారవుతాయి అన్నాడు చూడు, ఆ ఒక్క మాటతోనే ఆయనకి తను అమ్మే సరుకు గురించి తెలీదు, లేదా తెలిసే అబద్ధం చెప్తున్నాడు.

ఇప్పుడు బావ పంపిన లింక్ సంగతి. నూటికి తొంభై అన్నావు కాబట్టి అది మయామీ యూనివర్సిటీ స్టడీ అయ్యుంటుంది, 2021 జనవరిలో వచ్చింది. అబద్ధం కాదది, మంచి పద్ధతిలో చేసిన స్టడీయే. బొడ్డుతాడు కణాలు, ఒక్కో డోసుకి 10 కోట్లు చొప్పున రెండు డోసులు, కోవిడ్‌తో ఏఆర్‌డీఎస్ వచ్చినవాళ్ళకి ఇచ్చారు. నెల తర్వాత చూస్తే సెల్స్ తీసుకున్నవాళ్ళలో 91 శాతం బతికారు, తీసుకోనివాళ్ళలో 42 శాతం. చూడగానే ఎవరికైనా కన్ను చెదురుతుంది, నాకూ చెదిరింది. కానీ మొత్తం ఎంతమంది మీద చేశారో బావ చూశాడో లేదో, 24 మంది. ఇటు 12, అటు 12. అందులో ఇద్దరి గతి అటూ ఇటూ అయితే శాతం పదహారు పదిహేడు మారిపోతుంది. నువ్వు రైతువి కదా, కొత్త మిర్చి విత్తనం ఎవరో బావి పక్కన రెండు గుంటల్లో వేసి బ్రహ్మాండంగా కాసింది అంటే దాన్ని నమ్మి మొత్తం చేను దానికే పెడతావా, బావి పక్క నేల కాబట్టి కాసిందో విత్తనం వల్ల కాసిందో ఇంకో నాలుగు ఊళ్ళలో, నాలుగు రకాల నేలల్లో వేసి చూస్తే గానీ తెలీదు కదా. సరిగ్గా అలాంటి పరీక్షే ఇంకో కంపెనీ కణాల మీద చేశారు, దాని రిజల్ట్ బావ లింక్‌లో లేదు.

ఇది కాస్త వివరంగా చెప్తా, ఎందుకంటే మొత్తం కథ ఇందులోనే ఉంది. 2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ మౌంట్ సైనై హాస్పిటల్‌లో వెంటిలేటర్ మీదున్న 12 మంది కోవిడ్ పేషెంట్లకి మీసోబ్లాస్ట్ అనే ఆస్ట్రేలియా కంపెనీ తయారుచేసిన ఎముక మూలగ కణాలు ఇచ్చారు, 12లో 9 మంది వెంటిలేటర్ నుంచి బయటపడ్డారు. ఆ రోజుల్లో వెంటిలేటర్ ఎక్కినవాళ్ళు దిగడమే గొప్ప అన్నట్టుండేది, ఆ వార్త చదివి నేను మా డ్యూటీ రూంలో అందరికీ చదివి వినిపించాను. వెంటనే పెద్ద ట్రయల్ పెట్టారు, 300 మందిని తీసుకుందామని, ఎవరికి సెల్స్ ఎవరికి ఉత్తి సెలైన్ అనేది చీటీ తీసినట్టు కంప్యూటరే తేల్చేటట్టు, డాక్టర్‌కీ పేషెంట్‌కీ తెలియకుండా. 222 మంది చేరేసరికి, 2020 డిసెంబర్‌లో, బయటి నిపుణుల కమిటీ లోపలి లెక్కలు చూసి ఇంక ఆపెయ్యండి, మరణాలు మీరు అనుకున్నంత తగ్గేటట్టు లేవు అని చెప్పింది. 30 రోజుల లెక్కలో గట్టిగా చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అవే కణాలు, అదే కంపెనీ, అదే జబ్బు. 12 మందిలో కనిపించింది 222 మందిలో నిలబడలేదు.

వేరే చోట్లా దాదాపు ఇదే. ఫ్రాన్స్‌లో 45 మంది మీద చేస్తే ఆక్సిజన్ లెక్కల్లో తేడా లేదు. బెల్‌ఫాస్ట్ డాక్టర్లు నడిపిన ట్రయల్‌లో 60 మందిలో సగం మందికి 40 కోట్ల కణాల చొప్పున ఇచ్చారు, 2023లో రిజల్ట్ వచ్చింది, సురక్షితమే గానీ ఊపిరితిత్తి పనితీరు మెరుగవలేదు. జకార్తాలో 40 మంది మీద చేసిన దాంట్లో మాత్రం సెల్స్ తీసుకున్నవాళ్ళు ఎక్కువమంది బతికారు, అదీ నిజమే, దాచను. చైనాలో 100 మందిలో సీటీ స్కాన్ మచ్చలు కొంచెం ఎక్కువ తగ్గాయి. ఇలా చిన్న స్టడీలు కొన్ని అటు, కొన్ని ఇటు.

మీ అన్నది ఫ్లూ కదా, కోవిడ్ కాదు కదా అంటావేమో. ఫ్లూ మీద కూడా ఒకటుంది, ఎవరైనా నీకు పంపించేలోపు నేనే చెప్తా. చైనాలో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు, హెచ్7ఎన్9 అనే రకం, 17 మందికి ఈ కణాలు ఇచ్చారు, ముగ్గురు చనిపోయారు. ఇవ్వని 44 మందిలో 24 మంది చనిపోయారు. ఇది 2020లో అచ్చయింది, చూడ్డానికి చాలా గొప్పగా ఉంటుంది, కానీ ఇక్కడ చీటీ తియ్యలేదు, ఒప్పుకున్నవాళ్ళకి ఇచ్చారు, ఒప్పుకునేదాకా బతికున్నవాళ్ళకే ఇవ్వగలరు కదా. ఆ చిన్న తేడా చాలు లెక్క మొత్తం తారుమారవడానికి. ఫ్లూ ఏఆర్‌డీఎస్‌కి ఈ కణాలు ఇచ్చి ప్రాణాలు నిలిపినట్టు చీటీ తీసి చేసిన పెద్ద ట్రయల్ చూపించమని ఆ క్లినిక్ వాళ్ళని అడుగు, చూపించలేరు.

పనిచేసే మందు రుజువు ఎలా ఉంటుందో కూడా తెలుసుకో, పోల్చుకోవడానికి. 2020 జూన్‌లో ఇంగ్లండ్ వాళ్ళు డెక్సామెథసోన్ అనే పాత స్టెరాయిడ్‌ని కోవిడ్ పేషెంట్లకి ఇచ్చి చూశారు, ఆరువేల నాలుగొందల పైచిలుకు మందిని చీటీ తీసి పంచి. వెంటిలేటర్ మీదున్నవాళ్ళలో మరణాలు మూడో వంతు తగ్గాయి. వారం తిరక్కుండా మన దగ్గర కూడా వాడటం మొదలుపెట్టాం. అది టీ ఖర్చుకి దొరికే మందు. పనిచేసేదాన్ని ఎవరూ మీ నంబర్ వెతుక్కుని ఫోన్ చేసి అమ్మక్కర్లేదు తమ్ముడూ, మీ అన్న బెడ్ దగ్గరున్న డాక్టరే రాసేస్తాడు. (ఇది చదివి ఫ్లూకి కూడా స్టెరాయిడ్ ఇవ్వమని డాక్టర్‌తో గొడవపడకు, ఫ్లూలో అది కొందరికి చెడు చేస్తుంది, ఆ నిర్ణయం ఆయనకి వదిలెయ్యి.)

మరి ఈ సెల్స్ ఎందుకూ పనికిరావా అంటే వస్తాయి, అందుకే నేను మోసం అనలేదు. ఇందాక చెప్పిన కంపెనీ కణాలకే 2024 డిసెంబర్‌లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి ఇచ్చింది, ఊపిరితిత్తులకి కాదు, ఎముక మూలగ మార్పిడి తర్వాత ఎక్కించిన కణాలే పిల్లాడి ఒంటి మీద దాడి చేసే ఒక ఘోరమైన స్థితికి, అదీ స్టెరాయిడ్లు పనిచెయ్యని పిల్లలకి. మన దగ్గర బెంగళూరు వాళ్ళు తయారుచేసిన కణాలకి కాళ్ళలో రక్తనాళాలు మూసుకుపోయే బర్జర్స్ జబ్బుకి, తర్వాత మోకాళ్ళ అరుగుదలకి మన దేశంలో మందులకి అనుమతులిచ్చే డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి ఉంది. అంటే ఒక్కో జబ్బుకి విడివిడిగా రుజువు కావాలి. మోకాలికి అనుమతి ఉంది కదా అని ఊపిరితిత్తికి ఎక్కించడం కుదరదు.

ఇంకో సంగతి, ఇది బయటివాళ్ళకి తట్టదు. ఇవి ప్రాణమున్న కణాలు, టాబ్లెట్లు కాదు. మైనస్ 196 డిగ్రీల్లో, లిక్విడ్ నైట్రోజన్‌లో గడ్డకట్టించి దాచాలి, ఇచ్చే ముందు కరిగించాలి, కరిగించిన తర్వాత ఎన్ని బతికున్నాయో లెక్క చూడాలి. అమెరికాలో ఐదు పెద్ద హాస్పిటళ్ళు కలిసి ఏఆర్‌డీఎస్ మీద చేసిన స్టార్ట్ అనే ట్రయల్ ఉంది, 2019లో వచ్చింది, 60 మంది. అంత పకడ్బందీగా చేసినా పేషెంట్‌కి ఎక్కించేటప్పటికి బతికున్న కణాలు ఒక డోసులో 85 శాతం ఉంటే ఇంకో డోసులో 36 శాతమే ఉన్నాయి. వాళ్ళ పరిస్థితే అదైతే, థర్మాకోల్ డబ్బాలో ఐస్ పెట్టి బైక్ మీద తెచ్చే సీసాలో ఏముందో ఎవరు చెప్పాలి? నిజంగా కణాలే ఉన్నాయా, ఉంటే ఎన్ని, వాటిలో క్రిములున్నాయా? బావకి ఇది కూడా చెప్పు, 2018లో అమెరికాలోనే, ఆయన ఉండే టెక్సాస్‌లో, ఇంకా ఫ్లోరిడా, ఆరిజోనాల్లో, బొడ్డుతాడు రక్తం నుంచి తీసిన స్టెమ్ సెల్స్ అని క్లినిక్‌లు ఎక్కించిన ఇంజెక్షన్ల వల్ల 12 మందికి బాక్టీరియా ఇన్‌ఫెక్షన్లు వచ్చి హాస్పిటల్ పాలయ్యారు, వాళ్ళు కీళ్ళ నొప్పులకి వేయించుకున్నవాళ్ళు. అదే సీసా ఐసీయూలో ఉన్న మీ అన్న నరంలోకి వెళ్తే ఏమవుతుందో ఆలోచించు. పైగా ఈ కణాలకి రక్తం గడ్డకట్టించే గుణం కూడా కొంత ఉంటుంది, తయారీ సరిగ్గా లేకపోతే అదో ప్రమాదం.

ఇక చట్టం సంగతి, ఇది చాలా సింపుల్. మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన స్టెమ్ సెల్ గైడ్‌లైన్స్ ప్రకారం రోజువారీ వైద్యంగా చెయ్యదగ్గది రక్త సంబంధమైన జబ్బులకి చేసే మూలగ మార్పిడి ఒక్కటే, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి వచ్చినవి పోతే మిగతా ఏ జబ్బుకైనా క్లినికల్ ట్రయల్‌గానే చెయ్యాలి. ట్రయల్ అంటే పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. 2019 రూల్స్ ప్రకారం ట్రయల్ వల్ల పేషెంట్‌కి ఏమైనా హాని జరిగితే ఫ్రీగా వైద్యం చేయించాలి, నష్టపరిహారం కట్టాలి. అంటే లెక్క తేలిపోయింది కదా, తొమ్మిది లక్షలు అడిగాడంటే అది ట్రయల్ కాదు, ట్రయల్ కాకపోతే ఊపిరితిత్తులకి ఇది ఎక్కించే హక్కు వాళ్ళకి లేదు. నీకింకా అనుమానముంటే ఆయనకి ఫోన్ చేసి సీటీఆర్ఐ (మన దేశంలో జరిగే ట్రయల్స్ నమోదు చేసే చోటు) రిజిస్ట్రేషన్ నంబర్ ఎంత, ఎథిక్స్ కమిటీ ఏది, డ్రగ్స్ కంట్రోలర్ అనుమతి కాగితం పంపండి అని మూడు ప్రశ్నలడుగు. ప్రతి ట్రయల్‌నీ సీటీఆర్ఐలో పెట్టాలి, అది ఎవరైనా ఆన్‌లైన్‌లో చూసుకోవచ్చు. ఇంక ఇంకో ప్రశ్న, సెల్స్ ఎవరెక్కిస్తారు, మీ అన్న ఐసీయూలోకి బయటి మనిషి వచ్చి ఎక్కించడానికి అక్కడి డాక్టర్ ఒప్పుకున్నారా అని. వాళ్ళు మీ అన్నని అక్కణ్ణుంచి తమ దగ్గరికి మార్చమంటే మాత్రం అస్సలు ఒప్పుకోకు, ఈ స్టేజిలో వెంటిలేటర్‌తో అంబులెన్స్ ప్రయాణమే ప్రాణం మీదికి తెస్తుంది. కాల్ రికార్డూ మెసేజ్‌లూ దాచిపెట్టు, అన్న కుదుటపడ్డాక తెలంగాణ మెడికల్ కౌన్సిల్‌కీ డ్రగ్స్ కంట్రోల్ వాళ్ళకీ కంప్లయింట్ ఇవ్వు, ఇప్పుడు ఆ పని పెట్టుకోకు.

2021 మేలో నా పేషెంట్ ఒకాయన ఉండేవాడు, లారీ డ్రైవర్, కోవిడ్. ఆయన భార్య పుస్తెలతాడు కుదువపెట్టి ఎక్కణ్ణుంచో ఎక్సోసోమ్స్ అని చిన్న సీసాలు నాలుగు కొని తెచ్చి నా చేతిలో పెట్టింది, అంటే సెల్స్ వదిలే బుడగలన్నమాట, వాటికి ఎక్కడా అనుమతి లేదు. నేను ఎక్కించనన్నాను, కానీ ఆమెకి కూర్చోబెట్టి ఎందుకో చెప్పే ఓపిక ఆ రోజు నాకు లేదు, నలభై మంది పేషెంట్లున్నారు వార్డులో. ఆయన ఆరో రోజు పోయాడు. ఆ సీసాలు ఎక్కించి ఉంటే బతికేవాడేమో అని ఆమె ఇప్పటికీ అనుకుంటూ ఉంటుంది, ఆ బరువు ఆమె మీద ఉండిపోవడానికి నేను చెప్పకపోవడమే కారణం. అందుకే నీకింత పొడుగ్గా రాస్తున్నా.

ఇప్పుడు అసలు పని. మీ అన్న డాక్టర్‌ని రేపు రౌండ్స్ అయ్యాక పది నిమిషాలు టైం అడుగు, నిలదీసినట్టు కాకుండా తెలుసుకోవడానికి అడుగుతున్నట్టు అడుగు. ఊపిరితిత్తుల్లోకి పంపే గాలి మోతాదు మా అన్న ఎత్తుని బట్టి తక్కువగానే పెట్టారా అని. ఎందుకంటే 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన ట్రయల్‌లో, ఎత్తుని బట్టి లెక్కగట్టిన బరువుకి కిలోకి 12 మిల్లీలీటర్ల బదులు 6 చొప్పున పంపితే మరణాలు 40 శాతం దగ్గర్నుంచి 31 శాతానికి పడిపోయాయి. మందు లేదు, మిషన్ మీద నంబర్ మార్చారంతే. తర్వాత, బోర్లా పడుకోబెడుతున్నారా అని అడుగు. 2013లో ఫ్రాన్స్ డాక్టర్లు ఆక్సిజన్ బాగా పడిపోయినవాళ్ళని రోజుకి కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెట్టారు, మరణాలు 33 శాతం నుంచి 16కి దిగాయి, సగానికి సగం! మీ అన్నని బోర్లా తిప్పినప్పుడు ముఖం వాచిపోయి, పెదాలు ఉబ్బి గుర్తుపట్టలేనట్టు ఉంటాడు, వదిన చూస్తే ఏడుస్తుంది, చాలామంది ఇళ్ళవాళ్ళు అలా ఎందుకు పెట్టారని నర్సుల మీద కేకలేస్తారు, కానీ ఆ వాపు తగ్గిపోతుంది. ఫ్లూ మందు ఒసెల్టామివిర్ నడుస్తోందా, కఫంలో ఫంగస్ ఏమైనా చూశారా అని కూడా అడుగు, తీవ్రమైన ఫ్లూలో ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ పట్టుకోవడం మేం చూస్తుంటాం. ఎక్మో (రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ కలిపి మళ్ళీ ఒంట్లోకి పంపే మిషన్) అవసరం పడొచ్చా, పడితే ఇక్కడే ఉందా అని ముందే తెలుసుకో. ఇంకో వారం వెంటిలేటర్ మీదే ఉంటే గొంతు దగ్గర చిన్న రంధ్రం పెడదామంటారు, ట్రెకియాస్టమీ, దానికి భయపడొద్దు, మత్తు తగ్గించడానికీ కఫం తియ్యడానికీ అది సాయం, తర్వాత మూసుకుపోతుంది. సెకండ్ ఒపీనియన్ కావాలంటే రిపోర్టులూ ఎక్స్‌రేలూ ఇంకో ఐసీయూ డాక్టర్‌కి చూపించు, ఏ మంచి డాక్టరూ దానికి ఏమీ అనుకోడు.

డబ్బు గురించి. ఎకరంన్నర అసలు ముట్టుకోవద్దు అని నేను అనలేను, ఐసీయూ బిల్లు కోసమే రేపు అవసరం పడొచ్చు, ముందు ఆరోగ్యశ్రీలో ఎంత వస్తుందో, బిల్లు ఎక్కడిదాకా వెళ్ళొచ్చో హాస్పిటల్ వాళ్ళతో కాగితం మీద రాయించుకో. కానీ ఇంకో ఖర్చు ఎవరూ మీకు చెప్పి ఉండరు. టొరంటోలో ఏఆర్‌డీఎస్ నుంచి బతికి బయటపడ్డ 109 మందిని ఏడాదిపాటు వెంట ఉండి చూశారు, 2003లో రాశారు. ఐసీయూ నుంచి వచ్చేసరికి ఒంటి బరువులో 18 శాతం పోయింది. ఊపిరితిత్తులు చాలామందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు దాదాపు మామూలుకొచ్చాయి, అవును, ఏ సెల్సూ ఎక్కించకుండానే, వాటంతట అవే. పోయింది కండ. ఏడాదికి కూడా సగం మందే పనికి తిరిగి వెళ్ళగలిగారు. మీ అన్న బతికి ఇంటికొస్తే, వచ్చే అవకాశం నిజంగా ఉంది, 41 ఏళ్ళ మనిషి, చెంచా పట్టుకోలేడు, బాత్రూంకి ఎత్తుకెళ్ళాలి, రాత్రుళ్ళు ఉలిక్కిపడి లేస్తాడు, రోజూ ఫిజియోథెరపీ కావాలి, గుడ్లూ పాలూ పప్పూ బాగా పెట్టాలి, కొన్నాళ్ళు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ కావాలేమో, ఏడాదిపాటు ఆయన సంపాదన ఉండదు, పిల్లల ఫీజులుంటాయి. ఆ ఏడాదికి మీకు ఉన్న ఆస్తి ఆ పొలమే. ఆ తొమ్మిది లక్షలు సీసాల్లో పోసేస్తే ఆయన లేచి వచ్చేది ఏ ఇంటికి?

వదినకి నా మాటగా చెప్పు. పిల్లలు అడిగితే చెప్పడానికి చాలా ఉంటుంది ఆవిడ దగ్గర. ఎనిమిది రోజుల నుంచి ఐసీయూ బయట కుర్చీలో పడుకుంటున్నాం, డాక్టర్‌ని అడగాల్సినవి అడిగాం, మోసం చెయ్యబోతే మోసపోలేదు, నాన్న వస్తే కూర్చోబెట్టి తినిపించడానికి పొలం కాపాడాం అని. మీరు ఆ సూది వేయించకపోవడం వల్ల మీ అన్నకి ఏమీ తక్కువ కాదు. ఈ మాట నేను ఇన్నేళ్ళు ఐసీయూలో నిలబడ్డ మనిషిగా చెప్తున్నా, ఎవరడిగినా నా పేరు చెప్పండి. వదినని ఇవాళ రాత్రికి ఇంటికి పంపి పడుకోనివ్వు, నువ్వుండు అక్కడ.

బావని తిట్టొద్దు, ప్రేమతోనే పంపాడు. ఈ జవాబే ఆయనకి పంపించు, ఆయన చెయ్యాలనుకుంటే రేపటి ఫిజియోథెరపీ ఖర్చు పంచుకోమను.

పొలం కొనేటాయనకి ఈ సాయంత్రమే ఫోన్ చేసి బయానా ఇప్పుడే వద్దు, ఆగండి అని చెప్పు, ఎల్లుండిదాకా ఉంచకు. తర్వాత పిల్లలిద్దరి చేత నాన్నా అని పిలిపించి, స్కూల్లో ఏం జరిగిందో వాళ్ళు మామూలుగా చెప్పుకునే కబుర్లు ఫోన్‌లో రికార్డు చేసి హాస్పిటల్‌కి పట్టుకెళ్ళు. రాత్రి డ్యూటీ సిస్టర్‌ని అడుగు, మత్తు కాస్త తగ్గించిన టైంలో ఆయన చెవి దగ్గర పెట్టి వినిపిస్తుంది.